బరువు దించాక

షెట్లాండులో ఏప్రిల్ అంటే
చలి వెళ్ళిపోయినట్టు నటించే నెల.
రేకుల షెడ్డు గడియ తీస్తే
నా కంటే ముందు గాలి దూరుతుంది లోపలికి.

లోపల అమ్మ మోరిస్ మైనర్.
నా కంటే మూడేళ్ళు చిన్నది,
గిబ్బీ కంటే ఏడాది పెద్దది.
మా ఇద్దరి నడుమ పుట్టిన బూడిదరంగు పిల్ల.
పోయేముందు అమ్మ కాగితమ్మీద రాసింది
కారు ఇద్దరిదీ అని.
ఎవరు నడపాలో రాయలేదు.

నాన్న పడవ సంగతీ రాయలేదు.
అందుకే గిబ్బీ అమ్మేశాడు.
తెడ్డు వేసి వేసి అరచేతులు కాయలు కాసింది నాకు,
సంతకం వాడిది.
పదకొండేళ్ళు.

అయినా ఏటా వస్తాడు,
అన్‌స్ట్ దీవి నుంచి పొద్దుటి ఫెర్రీలో,
భుజాన గ్రీజు గన్ను, చంకలో పాత దుప్పటి.
పలకరింపు లేదు. దుప్పటి పరిచి కారు కిందకి జారతాడు.
నేను సీట్లో కూర్చుంటాను స్టీరింగు పట్టుకుని.
ఏడాది మొత్తానికి మా మధ్య నాలుగే మాటలు:
ఎడమకి.
కుడికి.
ఆపు.
చాలు.

కందెన మానితే ఈ కారు రోడ్డు మీద చంపదు.
ఊరంతా తిరిగొచ్చి,
సొంత గేటు ముందు,
నడక వేగంలో,
ట్రనియన్ మర ఊడి చక్రం మడిచేసి
అలిసిన ఆవులా ఒక మోకాలి మీద కూలుతుంది.
నమ్మినచోటే పడటం దాని స్వభావం.

ఈసారి కుడిచక్రం కింది నిపిల్ మొండికేసింది.
గన్ను నొక్కితే గ్రీజు లోపలికి పోక
పక్కల నుంచి వానపాములా బయటికి పాకింది.
నిపిల్ విప్పాడు. తీగ పెట్టి పొడిచాడు.
కొత్తది బిగించాడు.
మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వానపాము.
కింద నుంచి ఒక బూతు,
నాన్న వాడే బూతే, అదే యాసలో.
నవ్వొచ్చింది. మింగాను.

ఇంకోసారి నొక్కబోతుంటే
మాట జారింది నాకు:
"జాకీ లేపు. చక్రం నేల వదలాలి."

మెకానిక్ బెర్టీ హార్కస్ అమ్మకి చెప్పిన మాట అది.
బరువు మీద ఉన్నంతసేపూ
ఇనుము ఇనుమును కరుచుకునే ఉంటుందమ్మా,
సందివ్వదు.
బలం చూపిస్తే నిపిల్ విరుగుతుంది గానీ
చుక్క ఎక్కదు.
ముందు బరువు దించు.

కింద కాసేపు చప్పుడు లేదు.
తర్వాత జాకీ, పన్ను పన్నూ, టక్కు టక్కు.
చక్రం గాల్లో వేలాడింది.
ఎవరూ చెప్పకుండానే తిప్పాను స్టీరింగు,
ఈ కొస నుంచి ఆ కొసకి, మెల్లగా.
మొదట గరగర.
తర్వాత మూలుగు.
తర్వాత ఏమీ లేదు.

"వస్తోంది" అన్నాడు.

దిగి, వంగి చూశాను.
ముందు నల్లటి ముద్ద.
చలికాలం రోడ్ల మీద చల్లిన ఉప్పూ ఇసుకా,
ఇల్లిల్లూ ఆగి అమ్మ పోగుచేసిన
స్వెట్టర్ల మూటల దారులన్నీ
అందులో నలిగి ఉన్నాయేమో.
ఆ వెనక ఇటుకరంగు.
ఆ వెనక, చాలాసేపటికి,
తేనె.

వాడు పిడికెడు గుడ్డతో తుడిచాడు.
తుడుస్తూ, చక్రంతో అన్నట్టుగా,
"పడవకి అడుగున చీలిక ఉండేది, ఓస్లా."

నేనేమీ అనలేదు.
ఉండేదో లేదో
నాకు తెలియాలి. నాకే తెలియాలి.
"టీ పెడతాను" అని ఇంట్లోకి నడిచాను.

రెండు కప్పులూ పట్టుకొని వచ్చేసరికి
షెడ్డులో కారు నాలుగు కాళ్ళ మీదా నిలబడి ఉంది.
దుప్పటి లేదు, మనిషి లేడు.
మిగిలిన గ్రీజు తలుపు బందులకి పూసి పోయాడు,
ఈ ముప్పై ఏళ్ళలో మొదటిసారి అది కిర్రుమనలేదు.
అందుకే
వెళ్ళిన చప్పుడు వినపడలేదు నాకు.

ఒక కప్పు తాగాను.
రెండోది బానెట్ మీద పెట్టి
ఫెర్రీ టైము చూశాను.
ఇంకా ఇరవై నిమిషాలుంది.
తాళం కారుకే ఉంది.